టేపు డ్రైవుల మార్పిడి: కొత్త సామర్థ్యం, పాత దత్తాంశం

వ్యవసాయ పరిశోధనలో దత్తాంశం పోగుపడే తీరు మారిపోయింది. ఒకప్పుడు ఒక క్షేత్ర ప్రయోగపు ఫలితాలన్నీ ఒక రిజిస్టరులో, ఆ తరువాత ఒక ఎక్సెల్ ఫైలులో ఇమిడిపోయేవి. నేడు డ్రోన్లు తీసే మల్టీస్పెక్ట్రల్ చిత్రాలు, వరి, కంది జన్యుక్రమాల ముడి ఫైళ్లు, స్వయంచాలిత వాతావరణ కేంద్రాల రికార్డులు సర్వర్లను టెరాబైట్ల లెక్కన నింపుతున్నాయి. సర్వరుకు డిస్కులు చేర్చడం తేలిక. బ్యాకప్ తీసే టేపు డ్రైవు మాత్రం పాతదే మిగిలిపోతుంది. రాత్రి మొదలైన బ్యాకప్ మరునాటి పనివేళలకు కూడా ముగియని స్థితి ఏర్పడినప్పుడే డ్రైవు మార్పిడి ప్రతిపాదన కదులుతుంది.

అప్పుడు టెండరు పత్రంలో ప్రధానంగా కనిపించేది సామర్థ్యపు అంకె. విస్తృతంగా వాడుకలో ఉన్న ఎల్‌టీఓ టేపులు 2000లో 100 గిగాబైట్లతో మొదలై, ఐదో తరంలో 1.5 టెరాబైట్లకు, ఏడో తరంలో 6, ఎనిమిదో తరంలో 12, 2021లో వచ్చిన తొమ్మిదో తరంలో 18 టెరాబైట్లకు చేరాయి. పెట్టెపై ఇంతకు రెండు నుంచి రెండున్నర రెట్లు ముద్రించి ఉంటుంది. అది దత్తాంశం కుదించబడుతుందన్న అంచనాపై వేసిన లెక్క. జన్యుక్రమ ఫైళ్లు, జేపెగ్ చిత్రాలు ముందే కుదించి ఉన్నవి. వాటిని డ్రైవు మరింతగా కుదించలేదు. కనుక పరిశోధన సంస్థలు ఎనిమిదో తరం టేపును 30 టెరాబైట్లుగా కాక 12 టెరాబైట్లుగానే లెక్కించుకోవాలి.

అయితే సామర్థ్యం కంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఉంది. కొత్త డ్రైవు బీరువాలోని పాత టేపులను చదవగలదా? ఏడో తరం వరకు ప్రతి డ్రైవూ తనకు ముందున్న రెండు తరాల టేపులను చదివేది. ఎనిమిదో తరంతో ఆ ఆనవాయితీ తెగిపోయింది. ఆ డ్రైవు ఏడో తరాన్ని మాత్రమే చదువుతుంది, ఐదు, ఆరు తరాల టేపులను చదవదు. తొమ్మిదో తరం డ్రైవు ఎనిమిదో తరం వరకే వెనక్కి వెళ్తుంది. ఐదో తరం టేపులున్న సంస్థ నేరుగా ఎనిమిదో తరం డ్రైవు కొని, పాతదాన్ని వేలానికి పంపితే, ఆ రోజుతో పాత బ్యాకప్‌లన్నీ మూగబోతాయి. టేపు ముప్పై ఏళ్లు నిలుస్తుందన్న తయారీదారుల హామీ అక్కడ ఎందుకూ కొరగాదు.

వ్యవసాయ శాస్త్రానికి ఈ నష్టం ఇతర రంగాలకన్నా ఎక్కువ. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో మొదలైన గోధుమ ప్రయోగం నేటికీ కొనసాగుతోంది. మన దేశంలోనూ దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలు 1970ల ఆరంభం నుంచి నడుస్తున్నాయి. ఇటువంటి ప్రయోగాలలో పదేళ్ల నేల విశ్లేషణ ఫలితాలు చేజారితే మళ్లీ ఆ నేలను పరీక్షించి పొందే వీలు లేదు. ఆ నేల ఇప్పుడు లేదు. అందువల్ల కొత్త డ్రైవు ఖర్చులోనే పాత టేపుల బదిలీ ఖర్చును కూడా చేర్చాలి. బదిలీ పూర్తయ్యి, సరిపోల్చి చూసేవరకు పాత డ్రైవును, దాని సాస్ కార్డును, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ లైసెన్సును వదులుకోరాదు. బదిలీ చేసేటప్పుడు ఐదో తరం నుంచి అందుబాటులో ఉన్న ఎల్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో రాయడం మేలు. అప్పుడు ఫలానా కంపెనీ సాఫ్ట్‌వేర్ లేకున్నా ఫైళ్లు తెరుచుకుంటాయి.

వేగం విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఎనిమిదో తరం డ్రైవు సెకనుకు 360 మెగాబైట్లు రాయగలదు. 12 టెరాబైట్లు తొమ్మిది గంటలకు కాస్త పైగా పడుతుంది. కానీ చాలా కళాశాలల్లో సర్వరుకు, బ్యాకప్ యంత్రానికి మధ్య ఉన్నది ఒక గిగాబిట్ నెట్‌వర్క్. దానిగుండా సెకనుకు 110 మెగాబైట్లకు మించి రావడం కష్టం కనుక అదే పనికి 30 గంటలు కావాలి. పైగా దత్తాంశం నిదానంగా అందితే డ్రైవు ఆగి, టేపును వెనక్కి తిప్పి, మళ్లీ మొదలుపెడుతుంది. ఈ కుదుపులతో టేపూ, రాసే హెడ్డూ అరిగిపోతాయి. పది గిగాబిట్ల నెట్‌వర్క్ గాని, మధ్యలో వేగవంతమైన డిస్కు గాని లేకుండా డ్రైవు ఒక్కటే మార్చడం వృథా వ్యయం.

ఇంత శ్రమ ఎందుకు, మరో డిస్కులో నకలు ఉంచితే చాలదా అనేవారున్నారు. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయపు సూపర్‌కంప్యూటరులో ఒక బ్యాకప్ స్క్రిప్టు లోపం వల్ల సుమారు 77 టెరాబైట్ల పరిశోధన ఫైళ్లు చెరిగిపోయాయి. సర్వరుకు తగిలించి ఉన్న ప్రతి డిస్కుకూ ఒక తప్పుడు ఆదేశం, ఒక రాన్సమ్‌వేర్ చేరగలవు. డ్రైవు నుంచి తీసి బీరువాలో పెట్టిన టేపుకు చేరలేవు. 2011లో జీమెయిల్ నిల్వలో లోపం తలెత్తి కొందరి ఉత్తరాలు మాయమైనప్పుడు గూగుల్ వాటిని తిరిగి తెచ్చింది టేపుల నుంచే.

ఆ బీరువా సర్వర్ గదిలోనే ఉండడం మాత్రం సమంజసం కాదు. 1977 నవంబరు ఉప్పెన చూసిన తీరప్రాంతంలో ఒక ప్రతి మరో జిల్లాలోని పరిశోధన స్థానంలో, తేమ అదుపులో ఉన్న గదిలో ఉండాలి. టేపులను ఎన్‌క్రిప్టు చేస్తే, ఆ తాళపు సంకేతం ఒక్క ఉద్యోగి వద్దే ఉండరాదు. ఆయన బదిలీ అయితే టేపు ఉన్నా లేనట్లే. ఆరు నెలలకొకసారి ఏదో ఒక టేపు తీసి, ఒక పాత ప్రయోగపు ఫోల్డరును నిజంగా తెరిచి చూసి, ఆ తేదీని, చూసినవారి సంతకాన్ని రిజిస్టరులో నమోదు చేయాలి. కొనుగోలు కమిటీ బిల్లు చెల్లింపునకు ముందు అడగవలసిన కాగితం ఆ రిజిస్టరులోని మొదటి పుట.