రాలిన కాయ ఎవరిది?
నూజివీడులో మే నెల గాలివాన అరగంట వీస్తే చాలు, కోతకొచ్చిన రసాలు, బంగినపల్లి నేలరాలుతాయి. దెబ్బతిన్న కాయకు మార్కెట్‌లో ధర పలకదు. 2010 మే 20న బాపట్ల దగ్గర తీరం దాటిన లైలా తుపానూ మామిడి రోజుల్లోనే వచ్చింది. తుపాను వస్తోందంటే టార్చిలైటు, మందులు, బియ్యం సర్దుకోమనే జాగ్రత్తలు మనుషుల్ని కాపాడతాయి, అప్పుల్ని తీర్చవు. ఇక్కడ చాలా తోటల కాపును పూత మీదే గుత్తకిస్తారు. డబ్బు ముందే చేతులు మారుతుంది. కాయ రాలితే నష్టం గుత్తదారుది. పరిహారం జాబితాలో పేరు మాత్రం తరచూ పట్టాదారుది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల ఒప్పందం రూపంలో దీనికి దారి చూపినా, అందుకు యజమాని సంతకం కావాలి. గుత్తకు తీసుకున్న కుటుంబానికి తొలి తుపాను జాగ్రత్త బయానా ఇచ్చేరోజే ఆ సంతకం పెట్టించుకోవడం.