మొదటి అడుగు

పెద్దదోర్నాల కూడలిలో కాసేపు నిలబడితే ఎన్ని రకాల నడకలో! శ్రీశైలం బస్సు కనబడగానే సంచి చంకన పెట్టుకుని పరుగెత్తేవాళ్లు, మార్కాపురం బస్సు దిగి ఒళ్లు విరుచుకునేవాళ్లు, శివరాత్రికి కాలినడకన కొండెక్కేవాళ్లు. ఆ సందడిలో ఎప్పుడైనా ఒక పెద్దాయన ఉన్నచోటే ఆగిపోయి కనిపిస్తాడు. వెళ్లాలనే ఉంటుంది. కాళ్లే నేలకు అతుక్కుపోయినట్టుంటాయి. "నడువు నాయనా" అంటూ కొడుకు చెయ్యి పట్టి లాగుతుంటాడు.

మనం వణుకుడు జబ్బు అనుకునే పార్కిన్సన్ ఇలా కూడా ఉంటుంది. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో దీని గురించి రాసినప్పుడు ఆరుగురిని వర్ణించాడు. వారిలో కొందరు ఆయనకు తారసపడింది వీధిలోనే. వణుకైతే అందరికీ కనబడుతుంది. అడుగు పడకపోవడం మాత్రం చూసేవాళ్లకు మొండితనంలానో, బద్ధకంలానో తోస్తుంది. జబ్బు కన్నా ఆ మాటే మనిషిని ఎక్కువ కుంగదీస్తుందేమో.

నిజానికి మొదటి అడుగు చిన్న పనేమీ కాదు. కుడికాలు లేవాలంటే ముందు ఒంటి బరువంతా ఎడమకాలి మీదికి చేరాలి. మనకు తెలియకుండానే మెదడు ఆ ఏర్పాటు చేసేస్తుంది. మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గిపోయినప్పుడు ఆ బరువు మార్పిడి సరిగా జరగదు, కాలు లేవదు. ఇరుకు గుమ్మాల దగ్గర, పక్కకు తిరిగేటప్పుడు, తొందరపెట్టినప్పుడు ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ.

అందుకే ఫిజియోథెరపిస్టులు నడకను విడదీసి నేర్పుతారు. ముందు ఆగి, నిటారుగా నిలబడాలి. మెల్లగా అటూ ఇటూ ఊగుతూ బరువును ఒక కాలి మీదికి తేవాలి. అది కుదురుకున్నాక రెండో కాలు ఎత్తి పెద్ద అడుగు వెయ్యాలి. పక్కన ఎవరైనా తాళం వేసినట్టు ఒకటీ రెండూ అని లెక్కపెడితే మరీ మంచిది.

ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది నేల మీద గీత. అడుగు దూరంలో అడ్డంగా ఒక గీత గీసి, దాన్ని దాటమంటే, అంతదాకా కదలని కాలు చాలామందిలో లేస్తుంది. బ్రిటిష్ నాడీవైద్యుడు పర్డన్ మార్టిన్ 1967లోనే ఈ సంగతి రాశాడు. తనంతట తాను మొదలుకాని కదలికకు కంటి ముందున్న గురుతు మరో దారి చూపుతుందన్నమాట. చదునైన నేల మీద ఆగిపోయేవాళ్లు కొందరు మెట్లు ఎక్కగలిగేదీ అందుకే. మార్కాపురం పలక మీద గీతలు దిద్ది అక్షరాలు నేర్చుకున్న తరం, ఇప్పుడు వసారాలో సుద్దగీతలు చూసుకుంటూ నడక దిద్దుకుంటోంది.

మందుల మాటకొస్తే, ప్రధానమైన మందు లెవోడోపా. మన అడవుల్లో తగిలితే ఒళ్లంతా దురదపెట్టే దూలగొండి గింజల్లోనూ అదే పదార్థం ఉంది. అలాగని గింజలు సొంతంగా వాడేయకూడదు, మోతాదు వైద్యులే చెప్పాలి. మందు బాగా పనిచేస్తున్న వేళ చూసుకుని సాధన చేస్తే ఒళ్లు మాట వింటుంది.

హైదరాబాద్ నిమ్స్ లాంటి చోట్ల ఈ జబ్బు తెలిసిన నిపుణులున్నారు. కానీ దోర్నాల నుంచి రోజూ అంత దూరం ఎవరు వెళ్లగలరు? 2007లో వెలువడిన ఒక యూరప్ అధ్యయనంలో 153 మందికి ఇంటిదగ్గరే మూడు వారాలు ఇలాంటి శిక్షణ ఇచ్చారు. నడక కొంత మెరుగుపడింది, ఆగిపోయే బాధ ఉన్నవాళ్లకు అదీ కాస్త తగ్గింది. శిక్షణ మానేశాక ఆ మేలు చాలావరకు పోయింది. అంటే ఒకసారి నేర్చుకుని వదిలేసేది కాదు, రోజూ చేయాల్సిందే. అప్పుడు నేర్పేవాళ్లు ఇంట్లోవాళ్లే అవుతారు: కోడలో, మనవడో, పక్కింటి పిల్లో.

వాళ్లకు పెద్ద చదువేమీ అక్కర్లేదు. ఒకసారి నిపుణుల దగ్గర చూసి నేర్చుకుంటే చాలు. లాగకుండా పక్కనే నిలబడాలి. నలుగురూ నాలుగు మాటలు చెబితే పెద్దాయన మనసు చెదిరిపోతుంది. ఒక్కరే లెక్కపెట్టాలి. తక్కినవాళ్లు ఆ కాస్తసేపు మాటలాపి, ఆయనకు దారి విడవాలి.