తుపాకీకి బొట్టు పెడతాం, తాళం పెట్టం



పోయిన నెల మా సంఘం సమావేశంలో ఒక తీర్మానం ముందుకొచ్చింది. బాబాల బండారం బయటపెట్టే కార్యకర్తలకు బెదిరింపులు ఎక్కువయ్యాయి కాబట్టి, అడిగినవాళ్ళకు తుపాకీ లైసెన్సు కోసం సంఘం తరఫున సిఫారసు ఉత్తరం ఇవ్వాలని దాని సారాంశం. ప్రతిపాదించినాయన వకీలు, నాకు పాతికేళ్ళ మిత్రుడు. ఆయనకు రాత్రిపూట ఫోన్లు వస్తున్నాయి. కూతురు ఏ కాలేజీలో చదువుతోందో, ఏ బస్సెక్కుతుందో చెప్పి పెట్టేస్తున్నారు.

నేను తీర్మానాన్ని వ్యతిరేకించాను. ఓటింగు వచ్చే సమావేశానికి వాయిదా పడింది. మెట్లు దిగుతుంటే ఆయన నాతో అన్నాడు: "మాస్టారూ, రేపు నన్ను కాల్చి పడేస్తే మీరు సంతాప సభలో కూడా లెక్కలే చెబుతారు." ఆ మాటకు అప్పుడు నోరు పెగల్లేదు. ఇప్పుడు జవాబు రాస్తున్నాను.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. ఆయన భయం ఊహ కాదు. 2013 ఆగస్టు 20న పుణెలో నరేంద్ర దభోల్కర్, 2015 ఫిబ్రవరిలో కొల్హాపూర్‌లో గోవింద్ పన్సారే, అదే ఏడు ఆగస్టు 30న ధార్వాడలో ఎం.ఎం.కల్బుర్గి, 2017 సెప్టెంబరు 5న బెంగళూరులో గౌరీ లంకేశ్ తుపాకీ గుళ్ళకు బలయ్యారు. బంగ్లాదేశ్‌లో 2015 ఒక్క ఏడాదిలోనే అవిజిత్ రాయ్‌తో మొదలుపెట్టి పలువురు నాస్తిక రచయితలను నరికి చంపారు. ఆత్మరక్షణ హక్కు చట్టంలోనూ ఉంది. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా ఉన్న ఆ సెక్షన్లు 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్నాయి. ఆ హక్కును నేను కాదనడం లేదు. నా ప్రశ్న వేరు. ఇంట్లో తుపాకీ ఉంటే ఇంటికి రక్షణ అన్నది రుజువైన సంగతా, లేక నమ్మకమా?

తాయెత్తు కట్టుకున్నవాడిని మనం ఏమడుగుతాం? అది పనిచేసిందనడానికి రుజువేమిటి, పని చెయ్యకపోతే ఎలా తెలుస్తుంది అని అడుగుతాం. తాయెత్తు ఉన్నా జబ్బు చేస్తే "నియమం తప్పాడు" అంటారు. తుపాకీ ఉన్నా మనిషి చచ్చిపోతే "చేతికందేలా పెట్టుకోలేదు" అంటారు. రెండు వాదనలకూ తేడా ఏమిటో నాకు అర్థం కాలేదు.

పై హత్యల్నే పరీక్షించండి. దభోల్కర్‌ను పొద్దున నడకకు వెళ్ళినప్పుడు వంతెన మీద కాల్చారు. పన్సారేను భార్యతో కలిసి నడకనుంచి తిరిగొస్తుండగా కాల్చారు. కల్బుర్గి ఇంటికి వచ్చినవాడు ఆయనకోసం వచ్చిన మనిషిలాగే వచ్చాడు, తలుపు దగ్గరే కాల్చాడు. గౌరీ లంకేశ్‌ను సాయంత్రం ఆఫీసునుంచి ఇంటికి చేరగానే వాకిట్లోనే కాల్చారు. ఢాకాలో నీలాద్రి ఛటర్జీ ఫ్లాటులోకి అద్దె ఇల్లు చూడ్డానికొచ్చామంటూ చొరబడ్డారు. హంతకుడు సమయం తానే ఎంచుకుంటాడు, చోటూ తానే ఎంచుకుంటాడు. బీరువాలో తుపాకీ ఉండి ఉంటే వీరిలో ఎవరు బతికేవారో, ఎలా బతికేవారో నాకు చెప్పండి. వాదన కోసం అడగడం లేదు, నిజంగానే అడుగుతున్నాను.

ఇక అసలు విషయం. "మాస్టారూ, నేనేం పిచ్చివాణ్ణా? భద్రంగానే పెడతాను, కాకపోతే చేతికందేలా పెడతాను" అంటాడు మిత్రుడు. ఈ వాక్యంలోనే మోసం ఉంది. ఇంట్లో తుపాకీ రెండు రకాలుగా ఉంటుంది. తూటాలు తీసేసి, తాళం వేసి, తూటాలు ఇంకోచోట ఇంకో తాళం కింద దాచడం ఒకటి. తూటాలు నింపి దిండు కింద పెట్టుకోవడం ఇంకొకటి. మొదటిది భద్రం, కానీ అర్ధరాత్రి వెంటనే అందదు. రెండోది అందుతుంది, కానీ భద్రం కాదు. అందుబాటు అనేది మనిషిని చూసి మారదు. మీ చెయ్యి ఎంత తేలిగ్గా అందుకుంటుందో, మీ పిల్లవాడి చెయ్యీ అంతే తేలిగ్గా అందుకుంటుంది.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు. మా అమ్మమ్మగారి ఊళ్ళో అడవి పందుల కోసం తాతయ్య దగ్గర జోడుగొట్టాల తుపాకీ ఉండేది. దసరాకు అమ్మమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూలు చుట్టేది. పూజ అయ్యాక మళ్ళీ నడవలో కొయ్యకు తగిలించేవారు. దానికి ఏనాడూ తాళం లేదు. తూటాల డబ్బా ఎక్కడుందో పిల్లలకు తెలియదని తాతయ్య గట్టి నమ్మకం. అటక మీద, పాత గొడుగుల వెనకాల ఉండేదది. నాకు తొమ్మిదేళ్ళకే తెలుసు. ఒక మధ్యాహ్నం పెద్దలంతా నిద్రలో ఉండగా మా మామయ్య కొడుకు తుపాకీ దించి, సరదాగా నా మీదికి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాడు. టిక్కుమంది. లోపల తూటా లేదు. ఇద్దరం నవ్వుకున్నాం. అమ్మమ్మకు తెలిసి ఉంటే అమ్మవారు కాపాడిందని కొబ్బరికాయ కొట్టేది. కాపాడింది అమ్మవారు కాదు. ముందు రోజు రాత్రి తాతయ్య బద్ధకించకుండా తూటాలు తీసేయడం, అంతే.

"పిల్లలకు తెలియదు" అన్న ఈ నమ్మకాన్ని అమెరికాలో పరీక్షించి చూశారు. 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో తల్లిదండ్రుల్నీ పిల్లల్నీ విడివిడిగా అడిగారు. తుపాకీ ఎక్కడుందో మా పిల్లలకు తెలియదని చెప్పినవాళ్ళలో 39 శాతం మంది మాట పిల్లల జవాబుతోనే తేలిపోయింది, వాళ్ళకు తెలుసు. 2001లో 8 నుంచి 12 ఏళ్ళ మగపిల్లల్ని చిన్న చిన్న జట్లుగా ఒక గదిలో వదిలి అద్దం వెనకనుంచి చూశారు. సొరుగులో నిజమైన పిస్టల్ ఉంది, తూటాలు లేవు. 29 జట్లలో 21 జట్లకు అది దొరికింది. 16 జట్లు చేతిలోకి తీసుకున్నాయి. 10 జట్లలో ఎవరో ఒకరు ట్రిగ్గర్ నొక్కారు. పట్టుకున్న పిల్లల్లో ఎక్కువమందికి తుపాకీ జోలికి పోకూడదని ముందే చెప్పి ఉన్నారు.

"అమెరికా లెక్కలు మనకెందుకు?" అంటారు కొందరు. తుపాకులు ఎక్కడ ఎక్కువున్నాయో అక్కడే వాటి ఫలితం బాగా తెలుస్తుంది. పిల్లవాడి కుతూహలానికీ ట్రిగ్గర్‌కూ పాస్‌పోర్టు ఉండదు. పైగా మన తెలుగు కుటుంబాలు అక్కడ లక్షల్లో ఉన్నాయి. కొత్తగా ఇల్లు కొని, దాంతోపాటే పిస్టల్ కొనే మనవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది. 2020లో అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ళ లోపు వాళ్ళ మరణాలకు మొదటి కారణం తుపాకీయే. రోడ్డు ప్రమాదాలు రెండో స్థానానికి వెళ్ళాయి.

మరి పెద్దవాళ్ళ సంగతి? 1993లో ఆర్థర్ కెల్లర్‌మన్ బృందం చేసిన అధ్యయనంలో, తుపాకీ ఉన్న ఇంట్లో హత్య జరిగే ముప్పు 2.7 రెట్లు కనిపించింది. ప్రమాదంలో ఉన్నవాళ్ళే తుపాకీ కొంటారేమో అని అప్పుడే ఆక్షేపణ వచ్చింది. న్యాయమైన ఆక్షేపణే. అందుకే కాలిఫోర్నియాలో తాము తుపాకీ కొనకుండా, తుపాకీ ఉన్నవారితో ఒకే ఇంట్లో బతికే లక్షలమందిని ఏళ్ళ తరబడి పరిశీలించి 2022లో ఇంకో అధ్యయనం వెలువరించారు. బయటివాళ్ళ చేతిలో చావకుండా ఆ తుపాకీ వాళ్ళను కాపాడినట్టు ఎక్కడా కనపడలేదు. ఇంట్లోనే, జీవిత భాగస్వామి చేతిలోనే కాల్పులకు బలయ్యే ముప్పు మాత్రం 7 రెట్లు ఉంది. అలా చనిపోయినవారిలో అత్యధికులు స్త్రీలు. అంటే ఇంట్లో తుపాకీ ఎవరికి ధైర్యమో, ఎవరికి భయమో మీ ఇంట్లో ఆడవాళ్ళను అడిగి తెలుసుకోండి.

తాళం గురించి ఇంకో మాట. తాళం పిల్లల్ని ఆపుతుంది, దొంగను ఆపుతుంది. తాళంచెవి ఉన్నవాణ్ణి ఆపదు. అమెరికాలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. "చావాలనుకున్నవాడు ఎలాగైనా చస్తాడు" అన్నది మనలో చదువుకున్నవాళ్ళు కూడా వల్లించే మూఢనమ్మకం. శ్రీలంక అతి ప్రమాదకరమైన పురుగుమందుల్ని 1990ల నుంచి వరసగా నిషేధిస్తూ వచ్చింది. 1995తో పోలిస్తే 2015 నాటికి అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం పడిపోయింది. ఇజ్రాయెల్ సైన్యం 2006లో సెలవు రోజుల్లో సైనికులు తుపాకులు ఇంటికి తీసుకుపోకుండా శిబిరంలోనే వదిలి వెళ్ళాలంది. యువ సైనికుల ఆత్మహత్యలు 40 శాతం తగ్గాయి. ఆ తగ్గుదల ముఖ్యంగా సెలవు రోజుల్లోనే. చావు ఆలోచన చాలాసార్లు వచ్చి పోయే తుఫాను. ఆ కాసేపు చేతికి ఏమీ అందకపోతే మనిషి మిగులుతాడు. బెదిరింపులతో నిద్రపోని మనిషి దిండు కింద నిండు తుపాకీ ఉంచడం నాకెందుకు భయమో ఇప్పుడు అర్థమైందా? (నిద్రపట్టనివాళ్ళు, దిగులు కమ్ముకున్నవాళ్ళు 14416కు ఫోన్ చెయ్యండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరది, ఏ వేళలోనైనా పలుకుతారు.)

"మన దేశంలో తుపాకీ హత్యల్లో అధికభాగం లైసెన్సు లేని ఆయుధాలతోనే కదా?" నిజమే. గౌరీ లంకేశ్‌ను చంపింది కూడా నాటు పిస్టలే. ఆ లెక్క లైసెన్సున్నవాడు రౌడీ కాదని చెబుతుంది. అతని బీరువా భద్రమని చెప్పదు. అదీగాక దొంగకు ఇష్టమైన సరుకుల్లో తుపాకీ ఒకటి.

ఇప్పటికే లైసెన్సు ఉన్న మిత్రులకు చెప్పేది ఇంతే. పిస్టల్‌నుంచి మ్యాగజైన్ తీస్తే ఖాళీ అయినట్టు కాదు, ఛాంబర్‌లో ఒక తూటా మిగిలి ఉండొచ్చు. దాన్ని కూడా తీసి కళ్ళతో చూసుకోండి. ట్రిగ్గర్ లాక్ వెయ్యండి. గోడకు బోల్టు బిగించిన ఇనుప లాకర్‌లో పెట్టండి. తూటాలు వేరే తాళం కింద దాచండి. తాళంచెవి దేవుడి గూట్లో పెట్టకండి, పిల్లలు మొదట వెతికేది అక్కడే. తుపాకీకి తాళం, తూటాలు తీసెయ్యడం, తూటాలకు తాళం, తూటాలు వేరుగా ఉంచడం అనే ఈ నాలుగు పనుల్లో ప్రతిదానితోనూ పిల్లల ప్రమాదాలూ ఆత్మహత్యలూ తక్కువగా ఉన్నాయని 2005లో అమెరికాలో ఒక అధ్యయనం తేల్చింది. అయినా చేతికందాల్సిందే అంటే, అంకెలతోనో వేలిముద్రతోనో తెరుచుకునే చిన్న ఇనుప పెట్టె దిండుకంటే, సొరుగుకంటే వెయ్యి రెట్లు నయం. అది పిల్లవాణ్ణి ఆపుతుంది. మిమ్మల్ని మీ నుంచి మాత్రం ఆపదు. ఇంట్లో ఎవరి మనసైనా బాగోలేదనిపిస్తే, తాగుడు, గొడవలు ఉంటే, తుపాకీని లైసెన్సున్న డీలరు దగ్గరో పోలీసు స్టేషన్‌లోనో అప్పగించెయ్యండి. ఎన్నికలొస్తే చాలామంది అప్పగిస్తూనే ఉన్నారు. ఓట్ల కోసం వదులుకోగలిగింది ఇంటివాళ్ళ కోసం వదులుకోలేమా?

2016 ఆయుధ నిబంధనలు లైసెన్సుకు ముందు శిక్షణ, భద్రతా కావాలన్నాయి. 2019 సవరణ ఒకరికి మూడు తుపాకుల్ని రెండుకు తగ్గించింది, పెళ్ళిళ్ళలో గాల్లోకి కాల్చడాన్ని శిక్షార్హం చేసింది. చట్టానికి కూడా అర్థమైంది, మన సమాజంలో తుపాకీ రక్షణకంటే ప్రతిష్ఠకు గుర్తు. బొట్టు పెట్టేదీ అందుకే.

చివరగా, నా మిత్రుడికి. సంతాప సభలో మాట్లాడాలని నాకు లేదు. అందుకే వచ్చే సమావేశంలో మీ తీర్మానానికి వ్యతిరేకంగా చెయ్యెత్తి, ఇంకో తీర్మానం పెడతాను. మీకొచ్చిన ప్రతి ఫోనుకూ తేదీ, నంబరుతో ఫిర్యాదు రాద్దాం, పదిమందిమి కలిసి స్టేషన్‌కు వెళ్దాం. మీ ముందు తలుపుకు ఇనుప గ్రిల్లు, వాకిట్లో లైటు, కెమెరా సంఘం ఖర్చుతో పెట్టిద్దాం. అమ్మాయిని బస్సు దాకా దింపడానికి వంతులు వేసుకుందాం. రాత్రిళ్ళు మీ వరండాలో ఇద్దరిద్దరం పడుకుందాం. ఆ జాబితాలో మొదటి రాత్రికి నా పేరు రాసుకోండి. నేను వచ్చి పడుకునే ఇంట్లో మాత్రం దిండు కింద తుపాకీ ఉండకూడదు.