నెలకు పదిహేను డాలర్లు, వారానికి రెండు రాత్రులు

"ఆటకి నెలనెలా డబ్బు కట్టడమేమిటయ్యా?" అని అడిగేవాళ్ళు మన సాఫ్ట్‌వేర్ జనంలో కూడా తక్కువేం కాదు. సినిమాలకీ, పాటలకీ, ఫోటోలు దాచుకోడానికీ కార్డు మీద నెలనెలా ఎంత పోతోందో చూసుకోం గానీ, ఆట దగ్గరకొచ్చేసరికి మాత్రం కాగితం, కలం తీస్తాం. ఒకసారి కొన్న క్యారమ్ బోర్డు మీద ఇంటిల్లిపాదీ ఇరవై ఏళ్ళు ఆడుకున్నాం కదా, దీనికి ఈ అద్దేమిటని. లెక్క వెయ్యడం మంచిదే. కాకపోతే చాలామంది వేసే లెక్కలో అసలు ఖర్చు కనబడదు. అదేమిటో చూద్దాం.

ముందుగా, ఈ ఆటలు ఎప్పుడూ ఆడని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్‌లో మీరొక పాత్రని తయారుచేసుకుంటారు. డాలు పట్టిన యోధుడో, గాయాలు మాన్పే వైద్యురాలో, నిప్పులు కురిపించే మాంత్రికుడో. అదే లోకంలో మీలాంటి వాళ్ళు వేలమంది తిరుగుతూ ఉంటారు. మీరు కంప్యూటర్ కట్టేసి పడుకున్నా ఆ లోకం మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఒకరకంగా మయసభ అన్నమాట. దుర్యోధనుడు అందులో ఒక్కసారే పడ్డాడు, మనం నెలనెలా టికెట్టు కొనుక్కుని మరీ పడతాం.

ఈ నెలసరి చందా కొత్తది కాదు. 1997లో అల్టిమా ఆన్‌లైన్ వచ్చినప్పుడు నెలకి 9.95 డాలర్లు. 2004 నవంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చినప్పుడు 14.99. విచిత్రమేమిటంటే, అమెరికాలో ఇప్పటికీ ఆ ఆట చందా అంతే. ఇరవై ఏళ్ళలో పెరిగిన ధరల ప్రకారం చూస్తే అప్పటి పదిహేను డాలర్లు ఇప్పటి పాతిక డాలర్ల దాకా ఉండాలి. అంటే చందా అసలు విలువ తగ్గుతూ వచ్చింది. 2010లో ఈ ఆటకి చందాదారులు కోటీ ఇరవై లక్షలమంది. ఆ తర్వాత ఆ సంఖ్య బాగా పడిపోయింది గానీ, ఆట మాత్రం బతికే ఉంది.

సరే, మామూలుగా అందరూ వేసే లెక్క వేద్దాం. ఏడాదికి చందా 180 డాలర్లు. సుమారు రెండేళ్ళకోసారి వచ్చే కొత్త భాగానికి ఇంకో యాభై. వెరసి ఏడాదికి రెండు వందల పైచిలుకు. వారానికి పది గంటలు ఆడేవాడికి గంటకి నలభై సెంట్లు పడుతుంది. ఇద్దరం కలిసి కొత్త తెలుగు సినిమాకి వెళ్తే మూడు గంటలకి ఎంతవుతుందో మీకు తెలుసు. ఈ లెక్కన ఇంత చవకైన వినోదం ఇంకోటి లేదు. వాదన ముగిసింది, కార్డు నంబరు కొట్టెయ్యొచ్చు.

ఇక్కడే మెలిక ఉంది. ఈ లెక్కలో ఎంత ఎక్కువసేపు ఆడితే ఆట అంత చవకవుతుంది. వారానికి ఇరవై గంటలు ఆడితే ఇరవై సెంట్లే. అసలు నిద్ర మానేస్తే ఇంకా లాభం! బఫేలో డబ్బులు గిట్టుబాటు కావాలని నాలుగో ప్లేటు పట్టుకొచ్చేవాడి లెక్క ఇది. కడుపు ఎవరిదో మర్చిపోతాడు.

దీనికి విరుగుడుగా మన కన్సల్టెంట్లు కొందరు ఇంకో లెక్క చెప్తారు. "నా బిల్లింగ్ రేటు గంటకి ఇంత, పది గంటలు ఆడితే అంత నష్టం" అని. అదీ ఒప్పుకోను. శనివారం సాయంత్రం నన్నెవడూ బిల్లు చెయ్యనివ్వడు. ఆ లెక్క ప్రకారం పిల్లతో పార్కుకి వెళ్ళడం కూడా నష్టమే.

మా ఊళ్ళో చిన్నప్పుడు సైకిళ్ళు అద్దెకిచ్చేవారు. గంటకి రూపాయి. సైకిల్ చేతికొచ్చిన క్షణం నుంచీ తొక్కడమే తొక్కడం. దాహమేసినా దిగం, దారిలో స్నేహితుడు పిలిచినా ఆగం. గంట కొట్టేలోగా రూపాయికి సరిపడా తొక్కాలి కదా. ఆ తర్వాత ఇంట్లో సొంత సైకిల్ కొన్నాక అది వారాల తరబడి గోడకి ఆనుకుని ఉండేది. అద్దె అనేది వాడమని మనల్ని వెనకనుంచి తోస్తుంది. నెల చందా కట్టిన ఆట కూడా అంతే. రాత్రి పదింటికి, వంట్లో ఓపిక లేకపోయినా, "ఈ నెల కట్టాం కదా, ఈ వారం అసలు తెరవనేలేదు" అన్న మాట మనసులోకి వస్తుంది. మనకి ఆడాలనిపించి ఆడుతున్నామా, కట్టాం కాబట్టి ఆడుతున్నామా అన్న తేడా అక్కడే చెరిగిపోతుంది.

ఈ బలహీనత ఆటలు తయారుచేసేవాళ్ళకి మనకంటే బాగా తెలుసు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఇంకా పరీక్షల దశలో ఉన్నప్పుడు, ఒకే పట్టున ఎక్కువసేపు ఆడేవాళ్ళకి వచ్చే పాయింట్లు తగ్గిపోయేలా పెట్టారు. పరీక్షిస్తున్నవాళ్ళు మండిపడ్డారు. అప్పుడు బ్లిజార్డ్ వాళ్ళు చేసిన పని చూడండి. లెక్క దాదాపు అలాగే ఉంచి, పేరు మార్చారు. మామూలుగా ఇంత, విశ్రాంతి తీసుకుని వచ్చినవాళ్ళకి రెట్టింపు బోనస్ అన్నారు. అందరూ సంతోషించారు. యూజర్ ఇంటర్‌ఫేస్ రాసేవాళ్ళందరూ గుర్తుపెట్టుకోవలసిన కథ ఇది.

ఆటలో పై మెట్లకి వెళ్ళాక గడియారం మన చేతిలోంచి పోతుంది. పెద్ద రాక్షసులని కొట్టడానికి గుంపుగా వెళ్ళాలి. దాన్నే రెయిడ్ అంటారు. 2004లో దానికి నలభైమంది కావాలి. తర్వాత తర్వాత పదిమందితో, ఇరవైమందితో కూడా నడిచేలా మార్చారు. ఒక రాక్షసుడి దగ్గర సంపద వారానికి ఒక్కసారే దొరుకుతుంది. అమెరికాలో మంగళవారం ఉదయం లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. కాబట్టి ప్రతి గుంపూ వారంలో రెండు మూడు రాత్రులు, మూడేసి గంటలు కేటాయించుకుంటుంది. ఇరవైమందిలో గాయాలు మాన్పేది మీరైతే, మీరు రాని రోజు మిగతా వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోవాలి. ఆ రాత్రులేమో సరిగ్గా మన ఆఫ్‌షోర్ కాల్స్ ఉండే వేళలు. ఒక చెవిలో హైదరాబాదు నుంచి బిల్డ్ ఎందుకు పడిపోయిందో వివరణ, ఇంకో చెవిలో "హీల్, హీల్" అని కేకలు. రెండిటికీ న్యాయం చెయ్యగలనన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

మా ఇంట్లో ఈ చర్చ వచ్చినప్పుడు మా ఆవిడ డబ్బు సంగతి ఎత్తనేలేదు. "పదిహేను డాలర్లు పోతే పోనీ, బుధవారం రాత్రి ఎవరిదో అది చెప్పండి" అంది. నేను చదివిన సమీక్షలన్నిటికన్నా ఆ ఒక్క ప్రశ్న సూటిగా ఉంది. చందా అనేది కంపెనీకి ఇచ్చే డబ్బు మాత్రమే అనుకుంటాం. అందులో సగం వాటా ఇంట్లో వాళ్ళు సమయం రూపంలో కడుతున్నారు. వాళ్ళని అడక్కుండా వాళ్ళ వాటా మనం కట్టెయ్యకూడదు.

మరి ఉచితంగా దొరికే ఆటలున్నాయిగా అంటారు. ఉన్నాయి. 2005లో వచ్చిన గిల్డ్ వార్స్ మొదటి నుంచీ నెల చందా లేకుండానే నడిచింది. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ ఆన్‌లైన్ 2007లో చందాతో మొదలై 2010లో ఉచితమైంది. స్టార్ వార్స్: ది ఓల్డ్ రిపబ్లిక్ అయితే 2011 డిసెంబరులో వచ్చి ఏడాది తిరక్కుండానే అదే దారి పట్టింది. కానీ సర్వర్ల కరెంటు బిల్లు ఎవరో ఒకరు కట్టాలి. ఉచితం అన్నచోట ఆట లోపల చిన్న కొట్టు ఒకటి తెరుస్తారు. చందా తీసుకునేవాడికి మీరు వచ్చే నెల కూడా ఉంటే చాలు. కొట్టు పెట్టినవాడికి మీరు ఈ పూట విసుగెత్తి, ఆ విసుగు పోగొట్టుకోడానికి అయిదు డాలర్లు తియ్యాలి. అంటే విసుగు తెప్పించడం కూడా అతని వ్యాపారంలో భాగమే. ఇంట్లో పదేళ్ళ పిల్లలుంటే ఈ రెండిటిలో ఏది మేలో నేను చెప్పనక్కర్లేదు.

అలాగని చందా ఆటలు మరీ పతివ్రతలేం కాదు. చందా కట్టేవాళ్ళకే 2010లో బ్లిజార్డ్ ఒక మెరిసే గుర్రాన్ని పాతిక డాలర్లకి అమ్మింది. 2015 నుంచి ఇరవై డాలర్లకి టోకెన్ కొని దాన్ని ఆటలో బంగారంగా మార్చుకోవచ్చు. ఫైనల్ ఫాంటసీ 14లో సొంత ఇల్లు కొనుక్కోవచ్చు గానీ, నలభై అయిదు రోజులు ఆ ఇంటి గడప తొక్కకపోతే కూల్చేస్తారు. చందా ఆపాలనుకున్నవాడి కాళ్ళకి ఆ ఇల్లే బంధం. ఇక మొత్తం లోకమే మూతపడ్డ సందర్భాలూ ఉన్నాయి. స్టార్ వార్స్ గెలాక్సీస్ 2011 డిసెంబరులో, సిటీ ఆఫ్ హీరోస్ 2012 నవంబరులో ఆగిపోయాయి. ఏళ్ళ తరబడి కట్టినవాళ్ళకి మిగిలింది స్క్రీన్‌షాట్లే.

ఇంత చెప్పాక "అయితే వద్దనేగా మీ తీర్పు" అనుకోవచ్చు. ఆగండి, రెండో వైపు కూడా ఉంది.

నార్వేలో మాట్స్ స్టీన్ అని ఒక యువకుడుండేవాడు. కండరాలు క్షీణించే జబ్బుతో చక్రాల కుర్చీకే పరిమితమై, 2014లో పాతికేళ్ళకే పోయాడు. కొడుకు ఒంటరిగా, స్నేహితులు లేకుండా బతికాడని తల్లిదండ్రులు బాధపడ్డారు. అతను పోయిన విషయం అతని బ్లాగులో పెట్టాక ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు రావడం మొదలైంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఇబెలిన్ అనే పేరుతో అతను ఎంతమందికి దగ్గరవాడో, ఎంతమందికి ధైర్యం చెప్పాడో అప్పుడు తెలిసింది. వాళ్ళలో కొందరు వేరే దేశాలనుంచి అంత్యక్రియలకి కూడా వచ్చారు. 2024లో దీనిమీద ఒక డాక్యుమెంటరీ వచ్చింది, వీలైతే చూడండి. అతని చందాని గంటకి ఇన్ని సెంట్లని లెక్కకట్టే ధైర్యం నాకు లేదు.

అంత దూరం పోనక్కర్లేదు. ఇంజనీరింగులో మేం నలుగురం ఒకే హాస్టల్ గది. ఇప్పుడు ఒకడు డల్లాస్, ఒకడు న్యూజెర్సీ, ఒకడు రెడింగ్, ఒకడు హైదరాబాద్. ఫోన్లో మాట్లాడుకుంటే రెండు నిమిషాల్లో మాటలు అయిపోతాయి: పిల్లలెలా ఉన్నారు, గ్రీన్ కార్డు ఎందాకా వచ్చింది, అంతే. అదే ఆటలో కలిస్తే చేతులకి పని ఉంటుంది, మాటలు వాటంతటవే వస్తాయి. ఊళ్ళో పేకాట బల్ల దగ్గర పెద్దవాళ్ళు సంసారాలు మాట్లాడుకున్నట్టు. 2023లో న్యూజెర్సీ వాడికి ఉద్యోగం పోయింది. హెచ్ వన్ వీసా, అరవై రోజుల గడువు. ఇంట్లో చందాలన్నీ ఆపేశాడు, జిమ్ముతో సహా. ఆట కూడా ఆపెయ్యరా, మళ్ళీ చూద్దాం అన్నాం. "ఉండనీరా. ఇంటర్వ్యూ ఏమైందని ఎవడూ అడగని చోటు ఇదొక్కటే" అన్నాడు. యాభై రెండో రోజున ఉద్యోగం దొరికింది. ఆ రెండు నెలల ముప్ఫై డాలర్లు వాడు దండగ చేశాడని నేననను.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఆట ఎంత గొప్పదన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, లోపల మీకోసం ఎదురుచూసే మనుషులున్నారా అని. ఉంటే పదిహేను డాలర్లు చవక. లేకపోతే, ఒంటరిగా మెట్లెక్కడానికే అయితే, ఒకసారి కొనుక్కుని ముగించగలిగే మంచి ఆటలు బోలెడున్నాయి.

కడదామనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. ముందు ఉచితంగా ఎంతవరకు ఆడనిస్తారో అంతవరకు ఆడండి. వార్‌క్రాఫ్ట్‌లో 20వ లెవెల్ దాకా ఊరికే ఆడొచ్చు. ఫైనల్ ఫాంటసీ 14లో 2023 నుంచీ 70వ లెవెల్ దాకా రోజుల పరిమితి లేకుండా ఇస్తున్నారు. అయితే అందులో ఒకసారి చందా కడితే ఆ ఖాతా మళ్ళీ ఉచితానికి మారదు, అందుకని తొందరపడకండి. మీ వాళ్ళు వేరే ఖండంలో ఉంటే ముందే మాట్లాడుకోండి. వార్‌క్రాఫ్ట్‌లో అమెరికా, యూరప్ లోకాలు వేరువేరు, ఒకదాని చందా రెండోదాంట్లో చెల్లదు. ఇండియాలో ఉన్న స్నేహితుణ్ణి రమ్మనేముందు మనకి పదిహేను డాలర్లంటే అతనికి వెయ్యి రూపాయల పైమాటని గుర్తుంచుకోండి. ఎక్కువ నెలలకి ఒకేసారి కడితే నెలకి ఒకటీ అరా డాలరు తగ్గుతుంది, ఆ ఆశకి పోకండి. ఒక్క నెలే కట్టి, కట్టిన రోజే ఆటోమేటిక్ రెన్యూవల్ ఆపెయ్యండి. నెలాఖరున మళ్ళీ కట్టాలా వద్దా అని ఆలోచించే అవకాశం మీ దగ్గరే ఉంటుంది. వార్‌క్రాఫ్ట్‌లో ఆపినంత మాత్రాన మీ పాత్ర ఎక్కడికీ పోదు, ఎన్నేళ్ళయినా అక్కడే ఉంటుంది.

నేను ఏడాదికి అయిదారు నెలలే కడతాను. శనివారం పొద్దున్న డల్లాస్‌లో తొమ్మిదయితే రెడింగ్‌లో మధ్యాహ్నం మూడు, హైదరాబాదులో చీకటి పడి ఉంటుంది. ఆ రెండు గంటలూ మావి. బుధవారం రాత్రి మాత్రం ఇంటిది. అది అడిగే రెయిడ్ గుంపులో ఎంత గొప్ప సంపద దొరికినా చేరేది లేదు.