కండ్లకు గట్టుకొను లోకము



ఉప్పాడనుండి మా చదువరి యొకరు ఈ మాసమున వ్రాసిన లేఖకు విడిగా జాబు వ్రాయుటకంటె ఈ శీర్షికలోనే సమాధానమిచ్చుట మేలని తలచితిమి. ఏలయన, ఆమె యడిగిన ప్రశ్న నేడు పెక్కిండ్లలో తల్లులను చిక్కుపెట్టుచున్నది. వారిది నేతపని చేయు కుటుంబము. ఇంట రెండు మగ్గములు గలవు. కాకినాడలో చదువుచున్న పెద్దకుమారుడు, చిన్నపిల్లలకు పాఠములు చెప్పి కూడబెట్టిన సొమ్ముతో నిరుడు ప్లేస్టేషన్ 5 అను ఆటయంత్రమును గొనెనట. ఇప్పుడు దానికి తగిలించి కండ్లకు గట్టుకొను హెడ్‌సెట్టు గావలెనని తల్లి నడుగుచున్నాడు. ఆమెయొద్ద నున్నది రాబోవు పెండ్లిండ్ల కాలమునకు పట్టును జరీయును గొనుటకై దాచిన సొమ్ము. వద్దన్నచో కుమారుడు చిన్నబుచ్చుకొనును. సరేయన్నచో ఒక మగ్గము కొంతకాలము ఊరకుండవలసివచ్చును. ఆ వస్తువు నాలుగేండ్లు పనికివచ్చునా, దానికి కొత్త యాటలు వచ్చుచుండునా, లేక ఆరునెలలకు అటక యెక్కునా యని ఆమె తెలియగోరుచున్నారు. వెఱ్ఱి కోరికయని పిల్లవానిని కసరివేయక, లెక్క యడిగి తెలిసికొనదలచిన ఆ తల్లిని మేము మెచ్చుకొనుచున్నాము.

ఈ యంత్రములను జూడనివారికై రెండు మాటలు. కన్సోల్ అనగా టెలివిజనుకు తగిలించి ఆడుకొను పెట్టె. వర్చువల్ రియాలిటీ యనబడు ఏర్పాటులో టెలివిజనుతో బనిలేదు. హెడ్‌సెట్టులో ఒక్కొక్క కంటికి ఒక్కొక్క బొమ్మ కనబడును. రెండు కండ్లకును కొద్ది భేదముతో చూపుటచే లోతు తోచును. తల త్రిప్పినచో యంత్రము దానిని కనిపెట్టి దృశ్యమును గూడ త్రిప్పును. గదిలో కుర్చీపై గూర్చున్నవాడు కొండయంచున నిలిచినట్లు గుండె ఝల్లుమనును. ఇది కనుకట్టు వంటిది; కాని మనము సొమ్మిచ్చి కట్టించుకొనునది. సోనీవారు తమ రెండవ హెడ్‌సెట్టును 2023 ఫిబ్రవరిలో విడుదల చేసిరి. మనదేశమునకు అది ఆ సంవత్సరము డిసెంబరులో వచ్చినప్పుడు దాని వెల 57,999 రూపాయలు. ప్లేస్టేషన్ 5 యంత్రము వెల అప్పటికి 54,990 రూపాయలు. ఆవుకంటె పలుపు ప్రియమైనదన్నమాట! 2025 మార్చిలో అమెరికాలో దాని వెలను 550 డాలర్లనుండి 400 డాలర్లకు దించిరి. ఇక్కడి నేటి ధర దుకాణములో నడిగి తెలిసికొనవలెను. వెల దిగినది గదా యని సంతోషించుటకు ముందు, రెండేండ్లకే యంత దింపుట యేల యని గూడ అడుగవలెను.

ఇందు ముఖ్యముగ గ్రహింపవలసినది, ఆటయొక్క ఆయుర్దాయము యంత్రముయొక్క ఆయుర్దాయముతో ముడిపడి యుండుట. అమ్మమ్మ చదివిన పుస్తకమును మనుమరాలు చదువుటకు కండ్లు చాలును. ఆటకు అట్లుకాదు. దాని యంత్రము పోయినచో డిస్కు చేతిలో నున్నను అది అద్దపు బిళ్లయే. అయినను కొన్ని యాటలు ఒక యంత్రముతో నశింపక, తరువాతి యంత్రముపై రెండవదిగను మూడవదిగను మరల పుట్టుచుండును. వీనినే ఫ్రాంచైజులందురు. మనము ఆటల వంశములని యనవచ్చును. గ్రాన్ టురిస్మో అను కారు పందెముల యాట మొదటిది 1997లో మొదటి ప్లేస్టేషనుపై వచ్చినది. ఏడవది 2022లో వచ్చినది. ఆ మొదటిదానిని ఆడిన బాలురు నేడు తండ్రులై తమ పిల్లలతో ఏడవదానిని ఆడుచుందురు. కన్సోలును గొనువారు నిజముగ గొనునది పెట్టెను గాదు, ఈ వంశములను. కనుక హెడ్‌సెట్టు భవిష్యత్తు నెఱుగవలెనన్న, పెద్ద వంశములవారు దానిని తమ యింటికి బిలుచుచున్నారా లేదా యని చూడవలెను.

వెనుకటి యనుభవము అంత ఆశాజనకముగ లేదు. నింటెండో కంపెనీవారు 1995లో వర్చువల్ బాయ్ అను యంత్రమును దెచ్చిరి. దానిలో సమస్తమును ఎఱుపు నలుపుగనే కనబడును. ఆడినవారికి తలనొప్పి వచ్చుచుండెను. ఏడాది తిరుగకుండగనే దానిని విరమించుకొనిరి. మైక్రోసాఫ్టువారి కినెక్ట్ హెడ్‌సెట్టు గాదు గాని అట్టి తగిలింపు వస్తువే. అది 2010లో వచ్చి, 2013లో కొత్త ఎక్స్‌బాక్సుతో కూడ నిర్బంధముగ నమ్మబడి, 2017లో ఉత్పత్తియే నిలిచిపోయినది. సోనీవారి మొదటి హెడ్‌సెట్టు 2016లో వచ్చినది. రెండవది వచ్చినప్పుడు మొదటిదానికై చేసిన యాటలు దానిపై ఆడవని తేలినది. పాతయాటలు వేలకొలది రూపాయలు పోసి కొన్నవారు ఏమనుకొనిరో మన మూహింపవచ్చును.

ఆస్ట్రో బాట్ కథ ఈ విషయమున మిక్కిలి బోధకరము. ఇది పిల్లలకు దగిన యాట. చిన్న తెల్లని యంత్రపు బొమ్మ గంతులు వేయుచు తన తోడివారిని రక్షించును. 2018లో వచ్చిన ఆస్ట్రో బాట్ రెస్క్యూ మిషన్ కేవలము మొదటి హెడ్‌సెట్టుకై చేసినది. హెడ్‌సెట్టు ఆటలలో అది మేలైనదని యాడినవారు పొగడిరి. కాని హెడ్‌సెట్టు లేని యిండ్లకు అది చేరలేదు. తరువాత ఆ బొమ్మయే 2020లో ప్లేస్టేషన్ 5తో ఉచితముగ నిచ్చిన యాటలో కనబడినది. 2024లో దానికి పెద్ద యాట వచ్చినది. అందు హెడ్‌సెట్టు ప్రసక్తియే లేదు. ఆ సంవత్సరము ది గేమ్ అవార్డ్స్ సభలో ఏటి మేటి యాటగా దానికే బహుమాన మిచ్చిరి. హెడ్‌సెట్టులో పుట్టిన బిడ్డ, దానిని విడిచి బయటికి వచ్చిన పిమ్మటగాని లోకమునకు దెలియలేదు. 2018 నాటి యాటయో, నేడు కొత్త హెడ్‌సెట్టు గొన్నవారికి గూడ అందుటలేదు.

ఇట్లేల జరుగుచున్నదన, లెక్కయే కారణము. 2019 ముగియునాటికి మొదటి హెడ్‌సెట్లు 50 లక్షలు అమ్ముడుపోయినవి. అప్పటికి ప్లేస్టేషన్ 4 యంత్రములు 10 కోట్లు దాటినవి. అనగా ఇరువది యిండ్లలో ఒక యింట మాత్రమే హెడ్‌సెట్టు గలదు. పెద్ద వంశపు టాటను చేయుటకు వందలమంది పనివారు ఏండ్లతరబడి శ్రమింతురు. అంత సొమ్ము వెచ్చించినవారు ఇరువదింటిలో ఒక్క యింటికై వండుదురా? అట్టి యాటలు చేయుటలో పేరుపొందిన సోనీవారి లండన్ కార్యశాలను మూసివేయుచున్నట్లు 2024 ఫిబ్రవరిలో ప్రకటించిరి. మెటా కంపెనీవారు ఎకో వీఆర్ అను యాటను 2023 ఆగస్టు 1వ తేదీన ఆపివేసిరి. అది ఇంటర్నెట్టు ద్వారా పదిమంది గూడి ఆడునది గనుక, ఆనాటితో ఆడువారి హెడ్‌సెట్టు చేతనుండగనే ఆట మాయమైపోయినది.

అయినచో హెడ్‌సెట్టునకు భవిష్యత్తు లేదా? లేదని మేమనము. ఒక మార్గము గనబడుచున్నది. దానిని ఉప్పాడ సోదరికి వారి మగ్గము భాషలోనే చెప్పవచ్చును. జాందానీ నేతలో పడుగుపేకలతో నేలవస్త్రము తన దారిన తాను సాగును. బుటా వచ్చుచోట మాత్రము అదనపు పేకను చేతితో చొప్పించి పువ్వును దీర్తురు. ఒకవేళ ఆ పువ్వు లేకపోయినను చీర చీరయే. హెడ్‌సెట్టు ఆటలలోను ఇట్టివి గలవు. గ్రాన్ టురిస్మో ఏడవది 2022లో మామూలు ఆటగా వచ్చినది. 2023 ఫిబ్రవరిలో, కొన్నవారి యొద్ద మరల సొమ్ము గొనక, హెడ్‌సెట్టుతో ఆడు సౌకర్యమును దానికి జేర్చిరి. ఆటలో ఇంచుమించుగ నంతయు రెండు విధములను ఆడవచ్చును. నో మ్యాన్స్ స్కై యను నక్షత్రయాత్రల యాట 2016లో వచ్చినది. 2019లో దానికి ఈ పువ్వు తొడిగిరి. రెసిడెంట్ ఈవిల్ వంశములో ఎనిమిదవదియగు విలేజ్‌కును, తిరిగి నిర్మించిన నాల్గవదానికిని 2023లోనే ఇట్లు చేసిరి. (ఇవి మిక్కిలి భయంకరములు. చిన్నపిల్లలున్న యింట దీని పేరెత్తకుండుటయే మంచిది.) ఇట్టివానిలో హెడ్‌సెట్టు పాడైనను, కంపెనీవారు దానిని విడిచిపెట్టినను, నేలవస్త్రము వంటి యాట మిగులును. చీర యంతయు అదనపు పేకతోనే నేసినట్లున్న ఆటలకు మాత్రము ఆ భరోసా లేదు.

కనుక మా సలహా యిది. ముందుగా కుమారుని ఒక కాగితముపై తాను నిజముగ ఆడదలచిన యాటల పేర్లు వ్రాయుమనవలెను. వానిలో నెన్ని హెడ్‌సెట్టు లేకున్నను ఆడదగినవో గుర్తుపెట్టుమనవలెను. అతడు వ్రాసిన పట్టిక కారు పందెములతోను నక్షత్రయాత్రలతోను నిండియున్నచో, ఆ యాటలను ఇప్పుడే టెలివిజనుపై ఆడుకొనవచ్చును. హెడ్‌సెట్టు ఇంకొక యేడాది యాగవచ్చును, వెల యింకను దిగవచ్చును. పట్టిక యంతయు హెడ్‌సెట్టుకే పరిమితమైన యాటలైనచో, అవి నాలుగో అయిదో యుండును. వానిని ముగించిన పిమ్మట ఏమి యని యడుగవలెను. తన వంశపు తరువాతి యాటకు ఈ సౌకర్యమిత్తుమని కంపెనీవారు పలుకని యెడల, ఇచ్చెదరని నమ్మి పట్టుసొమ్ము తీయరాదు. ఇది మాత్రము మేము గట్టిగనే చెప్పుచున్నాము. పట్టు కొన్న సొమ్ము చీరయై తిరిగి వచ్చును. హెడ్‌సెట్టు సొమ్ము రాదు. పిల్లవాని వేడుక తప్పని మేమనుట లేదు. తన సంపాదనలో సగము తాను దాచి, సగము తల్లిదండ్రుల నడిగినచో అది న్యాయమైన బేరము. 2024 ఆగస్టునుండి ఈ హెడ్‌సెట్టును వేరొక తగిలింపుతో కంప్యూటరుకు గూడ కలుపుకొను వీలు గలిగినది. కాని దానికి తగిన బలమైన కంప్యూటరు వేరుగ గావలెను. అది మరియొక ఖర్చు.

కొనుటకు ముందు ఎక్కడనైనను ఒక పావుగంట తగిలించుకొని చూచుట యవసరము. కండ్లు పోవుచున్నామనును, చెవిలోపలి సమతూక మెరుగు నరములు కూర్చున్నామనును. ఈ తగవుచేత కొందరికి వికారము, తలత్రిప్పుట గలుగును. కొందరికి అలవాటున పోవును. కొందరికి ఎన్నడును పోదు. పండ్రెండేండ్లు నిండని పిల్లలకు దీనిని తగిలింపరాదని సోనీవారే హెచ్చరించుచున్నారు. అన్నయ్య తగిలించుకొన్నదానిని తొమ్మిదేండ్ల చెల్లెలు అడుగకుండునా? ఉప్పాడ సోదరికి అట్టి కుమార్తె యొకతె యున్నదని లేఖవలన దెలిసినది గనుక ఈ మాట ప్రత్యేకముగ వ్రాయుచున్నాము. ఇంకొక సంగతి: తగిలించుకొన్నవానికి గది కనబడదు. మగ్గము, పడుగు, దీపము ఉన్న గదిలో చేతులు విసరుచు ఆడనీయరాదు.

అదే లేఖలో ఆమె చివర, మన తెలుగువారు ఇట్టి యాటలు చేయలేరా యనియు నడిగినారు. చేసిరి. ఈ సంగతి చాలమందికి దెలియదు. 2009లో హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ వారు హనుమాన్: బాయ్ వారియర్ అను నాటను ప్లేస్టేషన్ 2 కై నిర్మించిరి. మనదేశముననే సంపూర్ణముగ తయారైన మొదటి కన్సోల్ ఆట యిదియే యని ప్రసిద్ధి. దానిని సోనీవారే ప్రకటించిరి. దేవుని బొత్తాములతో నడిపించుట యపచారమని అమెరికాలోని హిందువులలో కొందరు అభ్యంతరము చెప్పిరి. మన పల్లెలలో హనుమంతుని వేషము గట్టి గంతులు వేయు బాలురను జూచి యెవరు నపచారమనలేదు గనుక, ఆ వాదము మాకంతగ రుచింపదు. హైదరాబాదువారే యగు గేమ్‌శాస్త్ర కంపెనీ దేశీ అడ్డా యను పేర గాలిపటములు, కబడ్డీ మొదలగు మన యాటలను ఆ యంత్రమునకే కూర్చెను.

అయితే ఆ యంత్రము 2000లో పుట్టినది. మన హనుమంతుడు దానిపై అడుగిడునాటికి దాని తరువాతి యంత్రము రెండేండ్లకు పైగా బజారులో నున్నది. 2013 మొదటికి ప్లేస్టేషన్ 2 ఉత్పత్తియే నిలిచిపోయినది. తక్కువ ధరకు దొరకునది, మన యిండ్లలో నుండునది అని దానిని ఎంచుకొనుట అర్థము గానిదికాదు. కాని దానిచేత ఆ యాటలకు వంశము నిలువలేదు. 2017లో బాహుబలి చిత్రము పేర ఏ.ఎమ్.డి. కంపెనీ సహాయమున హెడ్‌సెట్టులో జూచు ఖడ్గపు టనుభవ మొకటి తయారైనది. చిత్రమును నేడు ఎవరి యింటనైన జూడవచ్చును. ఆ ఖడ్గమును హెడ్‌సెట్టు లేనివారు పట్టలేరు. ఆ 2017లోనే హైదరాబాదు ఓగర్ హెడ్ స్టూడియోవారు అసుర యను నాటను కంప్యూటరుకై విడుదల చేసిరి. అది ఒక కంపెనీ పెట్టెను నమ్ముకొన్నది గాదు గనుక, పెట్టె పోయినదని అది పోలేదు. మన పిల్లలలో నెవరైన రేపు ఆటలు చేయు వృత్తిలో ప్రవేశింపదలచినచో ఈ మూడింటిని ప్రక్కప్రక్కన బెట్టి చూచుట మంచిది.

హనుమంతుని యాట డిస్కు మా చదువరులలో నెవరి యింటనైన నున్నదా? దానిని నడుపు పాత యంత్రము గూడ పనిచేయుచున్నదా? ఉన్నచో మాకొక కార్డు వ్రాయుడు. నేటి పిల్లలు దానిని ఆడి యేమనిరో గూడ దానిలో జేర్చుడు. వచ్చుమాసము ఈ శీర్షికలో ప్రకటింతుము.