మధ్యతరగతి లెక్కలో స్త్రీ ఎక్కడ?

వర్ధమాన దేశాల్లో మధ్యతరగతి పెరుగుతోందని ఆర్థికవేత్తలు సంబరపడుతున్నారు. తలసరిన రోజుకు 2 నుంచి 20 డాలర్ల దాకా ఖర్చు పెట్టగలిగితే మధ్యతరగతేనని ఆసియా అభివృద్ధి బ్యాంకు 2010లో లెక్కగట్టింది. ఈ లెక్క తీరు చూడండి. ఇంటి ఖర్చు మొత్తాన్ని తలలతో భాగిస్తారు. స్త్రీకీ పురుషుడికీ సమానంగా అందుతోందనుకుంటారు. అందరూ తిన్నాక మిగిలింది ఎవరు తింటున్నారో, ఆస్తి ఎవరి పేరున ఉందో అడగరు.

కొల్లాపూర్ ప్రాంతాన్నే తీసుకుందాం. 1981లో శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు మునిగాయి. ఆ నీటితో పుట్టిన కరెంటుతో నగరాల్లో ఫ్యాన్లు తిరిగాయి, ఫ్రిజ్‌లు వచ్చాయి. సోమశిల, జటప్రోలు గుళ్ళను విప్పి మరోచోట నిలబెట్టారు. నాట్లు వేసి, కలుపు తీసిన స్త్రీలకు మాత్రం పరిహారంలో చోటు లేదు. అది పట్టాదారుకే దక్కింది. పట్టాలేమో ఎక్కువగా మగవాళ్ళ పేరునే!

ఈమధ్య పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకూ ఇక్కడ భూములు పోయాయి. 2013 భూసేకరణ చట్టం వితంతువులను, విడాకులు పొందినవారిని, కుటుంబం వదిలేసిన స్త్రీలను వేరే కుటుంబాలుగా గుర్తిస్తుంది. కాపురం చేస్తున్న భార్య మాత్రం భర్త కుటుంబంలో ఒక తల. అంటే పెళ్ళయిన స్త్రీకి వేరే లెక్క కావాలంటే భర్త పోవాలి, లేదా వదిలేయాలి!

అభివృద్ధి వద్దని నేననడం లేదు. మామిడి తోటైనా, ఇంటి స్థలమైనా, పరిహారమైనా ఇద్దరి పేరునా ఉండాలంటున్నాను. సంఘాల్లో మనం అప్పుల గురించి మాట్లాడినంతగా పట్టాల గురించి మాట్లాడటం లేదు. ఇకనైనా మొదలుపెడదాం.