పొగకు ధర కట్టిన సూరత్

సూరత్ నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వెళ్లి లింబాయత్ చుట్టుపక్కల స్థిరపడ్డ కుటుంబాల కోసం వచ్చిన బడులవి. సాంఘిక శాస్త్రం పుస్తకంలో ప్రభుత్వం, మార్కెట్, సుస్థిరాభివృద్ధి వేర్వేరు పాఠాలు. రెండు మార్కుల నిర్వచనాలు. ఆ మూడూ ఒకే పొగగొట్టం దగ్గర కలిసిన ఊరు మాత్రం ఆ పిల్లలుండే ఊరే.

సూరత్‌లో బట్టకు రంగులద్దే మిల్లులకు ఆవిరి కావాలి. దానికోసం బాయిలర్లలో బొగ్గు, లిగ్నైట్ కాలుస్తారు. ఆ పొగలోని సూక్ష్మ ధూళికణాలు ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరతాయి. చీర ధరలో బొగ్గు, కూలి, రంగు ఖర్చులన్నీ ఉంటాయి. మిల్లు వెనక వీధిలో దగ్గే పిల్లవాడి మందుల ఖర్చు ఉండదు. అర్థశాస్త్రంలో దీని పేరు బాహ్య ప్రభావం.

పాత పద్ధతిలో దీనికి మందు 1981 నాటి వాయు చట్టం. ఘనపు మీటరు పొగలో ధూళి 150 మిల్లీగ్రాములు మించకూడదు. అధికారి ఎప్పుడో ఒకసారి వచ్చి నమూనా తీసుకుంటాడు. తప్పు తేలితే మిల్లు మూయించాల్సి వచ్చేది, లేదా క్రిమినల్ కేసు పెట్టాల్సి వచ్చేది. పిచ్చుకపై బ్రహ్మాస్త్రం! అంత పెద్ద శిక్షను చిన్న తప్పుకు వేయలేక చాలాసార్లు ఊరుకోవడమే జరిగేది.

2019లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి ఇంకో దారి పట్టింది. పొగగొట్టాలకు నిరంతరం కొలిచే పరికరాలు పెట్టించి, అన్ని మిల్లులూ కలిపి వదలగల ధూళికి గరిష్ఠ పరిమితి విధించింది. ఆ పరిమితిని కిలోల లెక్కన అనుమతి పత్రాలుగా విడగొట్టింది. ఒక మిల్లు పది రూపాయలతో కిలో ధూళి తగ్గించగలదనీ, ఇంకోదానికి నలభై అవుతుందనీ అనుకుందాం. మొదటిది ఎక్కువ తగ్గించి మిగిలిన పత్రాలు అమ్ముకుంటుంది, రెండోది కొనుక్కుంటుంది. పత్రాలు చాలకపోతే ముందే కట్టిన డిపాజిట్ నుంచి సొమ్ము కోత పడుతుంది.

పరిశోధకులకు ఇందులో ఒక అరుదైన అవకాశం దొరికింది. సుమారు 300 మిల్లుల్లో సగాన్ని లాటరీ పద్ధతిలో మార్కెట్లోకి తీసుకుని, మిగతా సగాన్ని పాత పద్ధతిలోనే ఉంచారు. మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికొలస్ ర్యాన్, అనంత్ సుదర్శన్ 2025లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మార్కెట్లో ఉన్న మిల్లుల ధూళి 20 నుంచి 30 శాతం తగ్గింది. దాదాపు అన్ని మిల్లులూ తాము వదిలినంతకు పత్రాలు చూపించాయి.

ప్రభుత్వం తప్పుకుంటే మార్కెట్టే చూసుకుంటుందని దీన్నుంచి పాఠం తీసేవారు పొరబడుతున్నారు. పరిమితి, మీటరు, కోత అన్నీ ప్రభుత్వం పెట్టినవే. మీటరును నమ్మలేకపోతే ఆ బజారులో సరుకే లేదు. కాలుష్యానికి లైసెన్సు అమ్ముతున్నారన్న విమర్శా సగమే నిజం. పాత నిబంధన పొగ ఎంత చిక్కగా ఉండాలో చెప్పింది గానీ మొత్తం ఎంత వదలవచ్చో చెప్పలేదు. అంటే ఆ లైసెన్సు ఇదివరకే ఉంది, ఉచితంగా.

అసలు లోపం వేరే చోట ఉంది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కడ వదిలినా భూమికి ఒకటే. ధూళి అలా కాదు, గొట్టం పక్కనున్నవాళ్ల మీదే ఎక్కువగా పడుతుంది. ఊరు మొత్తానికి లెక్క తగ్గినా, పత్రాలు కొనుక్కునే మిల్లు పక్క బస్తీకి ఏమీ తగ్గకపోవచ్చు. అందుకే జనావాసాలకు దగ్గరి మిల్లులకు విడిగా కట్టుదిట్టమైన పరిమితి ఉండాలి. మీటరు రీడింగులు ఆ వీధివాళ్లకు అర్థమయ్యే భాషల్లో, తెలుగుతో సహా, గోడమీద కనిపించాలి.

ఇప్పుడు దేశం కార్బన్ మార్కెట్‌కు సిద్ధమవుతోంది. పథకాన్ని కేంద్రం 2023లో నోటిఫై చేసింది. అందులో లక్ష్యాలు మొత్తం ఉద్గారాలకు కాదు, టన్ను ఉత్పత్తికి ఎంత అన్న లెక్కకు. ఉత్పత్తి పెరిగితే మొత్తం కూడా పెరగవచ్చు. సూరత్‌లో పనిచేసింది మొత్తానికి గీసిన గీత.